230 వోల్టుల కరెంటు పని కొత్తగా నేర్చుకునేవారి భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంటి వైరింగు, మోటార్ల మరమ్మతు, చెరువుల దగ్గర ఏరియేటర్ల (నీటికి గాలి అందించే యంత్రాల) పని నేర్చుకోవడానికి వచ్చే యువకులు, వారిని వెంట తిప్పుకొని పని నేర్పే మేస్త్రీలు, ఇంట్లో చిన్న పనులు తామే చేసుకోవాలనుకునే గృహస్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. ఇవి 230 వోల్టుల ఇంటి సరఫరాకు, 400 వోల్టుల త్రీ ఫేజ్ మోటారు సరఫరాకు మాత్రమే వర్తిస్తాయి. స్తంభం మీది పని వేరు. అది విద్యుత్ సంస్థ సిబ్బంది మాత్రమే చేయవలసినది.

పని నేర్చుకోవడానికి వచ్చినవారికి మొట్టమొదట ఏమి నేర్పాలి?

వైరు కోయడం, జాయింటు వేయడం, హోల్డరు బిగించడం తర్వాతి సంగతులు. తాను ముట్టుకోబోయే వైరులో కరెంటు లేదని తనకు తానుగా తేల్చుకునే పద్ధతిని ముందు నేర్పాలి. సరఫరాను ఆపడం, ఆపినదాన్ని మరొకరు వేయకుండా కట్టుదిట్టం చేయడం, పరీక్షించడం, ఆ తర్వాతే ముట్టుకోవడం అనే నాలుగు పనులూ ఇదే వరుసలో, పని ఎంత చిన్నదైనా, ఎంత తొందర ఉన్నా జరిగి తీరాలి. మొదటి రోజుల్లో అసలు సరఫరాతో సంబంధం లేని అభ్యాసపు బోర్డు మీదనే ఈ వరుసను నోటితో చెబుతూ చేయించడం మంచిది. అలవాటు చేతికి ఎక్కిన తర్వాత నిజమైన బోర్డు దగ్గరకు తీసుకువెళ్లవచ్చు.

చాలామంది మేస్త్రీలు దీనికి బదులు ధైర్యాన్ని నేర్పుతారు. కరెంటు ఉన్న వైరును వేలి వెనుకతో తాకి చూపించి, భయపడితే ఈ పని రాదని చెబుతారు. ఈ పద్ధతి పట్ల నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. పొడి కాళ్లతో, పొడి చెక్క బల్ల మీద నిలబడి తాకినప్పుడు ఏమీ కాలేదన్న అనుభవం, రేపు తడి గచ్చు మీద అదే పని చేసినప్పుడు కాపాడదు. పైగా ఒకసారి ధైర్యం వచ్చిన కుర్రవాడు పరీక్షించడం మానేస్తాడు, మానేసినా చాలాసార్లు ఏమీ జరగదు కాబట్టి మానేయడమే సరైనదని నమ్ముతాడు.

షాకు కొట్టినా చాలామంది బతికే ఉన్నారు కదా, 230 వోల్టులు నిజంగా అంత ప్రమాదమా?

ప్రాణం తీసేది శరీరం గుండా ప్రవహించే కరెంటు, అది ప్రవహించిన సమయం, అది వెళ్లిన దారి. సుమారు 1 మిల్లీ ఆంపియరు దగ్గర చిమచిమ తెలుస్తుంది. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితే చేతి కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న వైరును వదలడం చాలామందికి సాధ్యం కాదు. 30 మిల్లీ ఆంపియర్ల ప్రాంతంలో ఊపిరి తీసుకునే కండరాలు పట్టేసే ప్రమాదం ఉంది. అంతకు మించి పెరిగి కొంతసేపు నిలిస్తే, గుండె లయ తప్పి, రక్తాన్ని పంపలేక కంపించడం మొదలుపెడుతుంది. 1,000 మిల్లీ ఆంపియర్లు ఒక ఆంపియరు అని గుర్తు పెట్టుకుంటే, ఇంట్లో వెలిగే చిన్న దీపానికి చాలిన కరెంటే మనిషి ప్రాణానికి ఎక్కువని అర్థమవుతుంది.

ఒక చేతి నుంచి రెండో చేతికి, లేదా చేతి నుంచి కాళ్లకు శరీర నిరోధం 230 వోల్టుల వద్ద ఉజ్జాయింపుగా 1,000 నుంచి 2,000 ఓములు ఉంటుంది. వెయ్యి ఓములనుకుంటే 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. చర్మం పొడిగా, గట్టిగా ఉంటే నిరోధం పెరుగుతుంది. చెమట, తడి, ఉప్పునీరు ఉంటే తగ్గుతుంది. రోహిణీ కార్తె ఎండల్లో చెమటతో తడిసి అటక మీద వైరింగు చేసే మనిషి, డిసెంబరులో అదే పని చేసే మనిషి కంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు. బతికి బయటపడ్డవారు మాత్రమే తమ అనుభవాన్ని చెప్పగలరన్న సంగతిని కూడా నేర్చుకునేవారికి స్పష్టంగా చెప్పాలి.

మెయిన్ స్విచ్ ఆపితే సరిపోదా?

చాలా ఇళ్లలో సరిపోదు. మన ప్రాంతంలో ఇన్వర్టరు లేని ఇల్లు తగ్గిపోతోంది. మెయిన్ ఆపిన క్షణంలోనే ఇన్వర్టరు తన పనిగా భావించి కొన్ని లైట్లకు, ఫ్యాన్లకు 230 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. అందువల్ల మెయిన్ ఆపిన తర్వాత ఇన్వర్టరు స్విచ్చి ఆపి, దాని అవుట్‌పుట్ వైరును కూడా విడదీయాలి. మేడ మీద సోలార్ పలకలు ఉంటే, ఎండ ఉన్నంతసేపు వాటి నుంచి వచ్చే డీసీ వైర్లలో వోల్టేజి ఉంటుంది. వాటి జోలికి కొత్తవారు వెళ్లనే కూడదు.

రెండో కారణం, ఆపిన స్విచ్చి దేనిదో ఖచ్చితంగా తెలియకపోవడం. పాత ఇళ్లలో ఒక గదికి రెండు సర్క్యూట్ల వైర్లు రావడం, పక్క పోర్షన్ మీటరు నుంచి ఒక లైటుకు వైరు లాగి ఉండడం మామూలే. ఫ్యాను ఆగింది కాబట్టి ఆ పెట్టెలోని వైర్లన్నీ చచ్చినట్టేనని అనుకోకూడదు. గోడ స్విచ్చి ఆపి హోల్డరు విప్పేవారికి ఇంకొక ప్రమాదం ఉంది. ఎవరో పొరపాటున స్విచ్చిని ఫేజులో (కరెంటు తెచ్చే వైరులో) కాకుండా న్యూట్రల్‌లో (కరెంటు తిరిగి వెళ్లే వైరులో) పెట్టి ఉంటే, దీపం ఆరిపోతుంది కానీ హోల్డరులో ఫేజు నిలిచే ఉంటుంది. స్విచ్చి ఆపిన తర్వాత కూడా ఎల్‌ఈడీ బల్బు మసక మసకగా వెలుగుతుంటే దీన్ని అనుమానించి పరీక్షించాలి.

మూడోది మనుషుల మధ్య మాట. మేడ మీద నిచ్చెన ఎక్కినవాడు "అన్నా, తీశావా?" అని అరుస్తాడు, కింద ఉన్నవాడు వేరే ప్రశ్నకు "ఆఁ" అంటాడు. అంతటితో పైవాడు వైరు పట్టుకుంటాడు. లైన్ల మీద పనిచేసే సిబ్బంది సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ (లైనులో సరఫరా ఆపామన్న అనుమతి) రాతపూర్వకంగా తీసుకొని, అది చేతికి వచ్చాకే పని మొదలుపెట్టాలన్న నియమం ఇందుకే పుట్టింది. ఇంటి పనిలో రాతకోతలు అవసరం లేదు. ఎంసీబీ (పరిమితికి మించి కరెంటు పోతే దానంతట అదే ఆగే స్విచ్చి) మీటను ఆపిన స్థితిలో బిగించే తాళం, లేదా పాత రకం ఫ్యూజు అయితే దాన్ని ఊడబీకి జేబులో వేసుకోవడం చాలు. తన ప్రాణానికి సంబంధించిన ఫ్యూజు తన జేబులోనే ఉండాలి. బోర్డు మీద "మనిషి పని చేస్తున్నాడు, వేయవద్దు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక అట్ట వేలాడదీయడం మరువకూడదు.

కరెంటు పోయిన సమయంలో పని చేసుకోవచ్చా?

కూడదు. పోయిన కరెంటు ఎప్పుడు వస్తుందో మన చేతిలో లేదు. పొలాల్లో ఇది మరీ ముఖ్యం. వ్యవసాయ సరఫరా విడతలుగా వస్తుంది; రాగానే మోటారు దానంతట అదే తిరిగేలా ఆటో స్టార్టరు పెట్టుకుంటారు. కరెంటు లేదు కదా అని స్టార్టరు పెట్టె తెరిచి చేయి పెట్టినవాడికి, తిరగని మోటారు రెక్కను చేతితో తిప్పి చూసేవాడికి ముందస్తు హెచ్చరిక ఏదీ ఉండదు. కరెంటు ఉన్నా లేకపోయినా మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి, పరీక్షించిన తర్వాతే పని మొదలుపెట్టాలి.

టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేనట్టేనా?

స్క్రూడ్రైవరు రూపంలో ఉండే నియాన్ టెస్టరు, వైరు నుంచి మన శరీరం గుండా నేలకు అతి స్వల్ప కరెంటు వెళ్లినప్పుడు వెలుగుతుంది. పొడి చెక్క నిచ్చెన మీద, రబ్బరు చెప్పులతో నిలబడితే ఆ దారి బలహీనపడి వెలుగు సరిగా కనబడకపోవచ్చు. మిట్టమధ్యాహ్నపు వెలుతురులో, ఆరుబయట మోటారు దగ్గర, వెలిగినా కనబడదు. లోపలి నిరోధకం పాడైతే, లేదా టెస్టరు తడిస్తే, పరీక్షించే చేతికే ప్రమాదం. కాబట్టి టెస్టరు వెలిగితే కరెంటు ఉందని నమ్మి ఆగిపోవాలి. వెలగకపోతే లేదని మాత్రం నమ్మకూడదు.

లేదని తేల్చడానికి రెండు కొనలతో కొలిచే సాధనం కావాలి. మంచి ఇన్సులేషన్ ఉన్న వైర్లతో, క్యాట్ 3 (ఇంటి వైరింగు, బోర్డుల కొలతకు తగిన భద్రతా తరగతి) అని ముద్రించిన మల్టీమీటరు లేదా రెండు కొనల వోల్టేజి టెస్టరు వాడాలి. ముందుగా కరెంటు ఉన్నదని తెలిసిన ఒక సాకెట్టులో పెట్టి మీటరు పనిచేస్తోందని చూడాలి. తర్వాత పని చేయబోయే చోట ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య, ఫేజుకూ ఎర్తుకూ (నేలలోకి దింపిన రక్షణ వైరుకూ) మధ్య, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కొలవాలి. మళ్లీ ఆ తెలిసిన సాకెట్టు దగ్గరకు వెళ్లి మీటరు ఇంకా పనిచేస్తోందని చూడాలి. మధ్యలో మీటరు బ్యాటరీ అయిపోయినా, దాని వైరు లోపల తెగినా, సున్నా చూపించి మోసం చేస్తుంది. మూడో అడుగు ఆ మోసాన్ని పట్టుకుంటుంది. నేర్చుకునేవారు ఎక్కువగా వదిలేసేది కూడా ఈ మూడో అడుగునే. మీటరు వైరును ఆంపియర్ల రంధ్రంలో పెట్టి వోల్టులు కొలవబోతే షార్ట్ సర్క్యూట్ అవుతుంది, కాబట్టి కొలిచే ముందు ఆ రంధ్రాన్ని, మీటరు ముల్లు ఉన్న స్థానాన్ని చూసుకోవడం అలవాటు కావాలి.

సాకెట్టు రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలుగుతోంది. రెండు ఫేజులు వచ్చాయా?

సాధారణంగా న్యూట్రల్ ఎక్కడో తెగింది. ఆన్‌లో ఉన్న ఏదో ఒక దీపం లేదా ఫ్యాను గుండా ఫేజు వచ్చి, వెళ్లే దారి లేక, న్యూట్రల్ వైరులో నిలబడింది. న్యూట్రల్‌ను నిర్భయంగా ముట్టుకోవచ్చని నేర్చుకున్నవారికి ఇది మరణకారణం అవుతుంది. న్యూట్రల్ కూడా కరెంటు మోసే వైరే. దాన్ని ఫేజుతో సమానంగా చూడాలి. త్రీ ఫేజ్ సరఫరాలో ఉమ్మడి న్యూట్రల్ తెగితే కొన్ని ఇళ్లకు 230కి బదులు 400 వోల్టులకు దగ్గరగా వెళ్లి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి. లైట్లు హఠాత్తుగా విపరీతంగా వెలిగితే వెంటనే మెయిన్ ఆపి 1912కు ఫోన్ చేయాలి.

ఎంసీబీ ఉన్నప్పుడు ఆర్‌సీసీబీ ఎందుకు?

ఎంసీబీ వైరును కాపాడుతుంది. 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోవడానికి (అంటే ట్రిప్ అయి సరఫరాను ఆపడానికి) 16 కంటే ఎక్కువ ఆంపియర్లు కావాలి. మనిషి గుండెకు అందులో వందో వంతు కూడా అక్కరలేదు. ఆర్‌సీసీబీ ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.3 సెకను లోపల, అంతకంటే చాలా ఎక్కువైతే 0.04 సెకను లోపల సరఫరాను తెంచివేస్తుంది. మనుషుల రక్షణ కోసం 30 మిల్లీ ఆంపియర్లదే తీసుకోవాలి. 100, 300 మిల్లీ ఆంపియర్లవి అగ్ని ప్రమాదాల నివారణకు ఉద్దేశించినవి.

దాని హద్దులు కూడా నేర్పాలి. ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకున్న మనిషి ఆర్‌సీసీబీకి ఒక దీపంలాగే కనిపిస్తాడు, అది పడదు. షాకు తగలకుండా ఆపడం దాని పని కాదు. తగిలిన షాకును త్వరగా ముగించడమే. ఓవర్‌లోడుకు అది స్పందించదు కాబట్టి ఎంసీబీ కూడా ఉండాలి. దానిమీద ఉన్న టెస్ట్ మీటను నెలకొకసారి నొక్కి చూడాలి. ముఖ్యంగా తీరప్రాంతంలో ఉప్పుగాలి లోపలి భాగాలను బిగదీస్తుంది.

ఆర్‌సీసీబీ పెట్టాక ఊరికే పడిపోతోంది. తీసేయమంటున్నారు. ఏమి చేయాలి?

తీసేయమని చెప్పేవారి మాట వినవద్దు. ఎక్కడో కరెంటు కారుతోందని అది చెబుతోంది. అన్ని ఎంసీబీలు ఆపి, ఆర్‌సీసీబీ వేసి, ఒక్కొక్క ఎంసీబీ వేస్తూ పోతే ఏ సర్క్యూట్ వేసినప్పుడు పడుతుందో తెలుస్తుంది. గీజరు హీటరు, నీళ్లలోని మోటారు కేబుల్, వాన నీరు దిగిన గోడలోని జంక్షన్ పెట్టె తరచుగా దొరికే కారణాలు. అన్నీ బాగానే ఉంటే, ఒక సర్క్యూట్ న్యూట్రల్‌ను వేరొక సర్క్యూట్ న్యూట్రల్‌తో కలిపి ఉంటారు, లేదా ఆర్‌సీసీబీ తర్వాత ఎక్కడో న్యూట్రల్‌ను ఎర్తుకు కట్టి ఉంటారు. ఈ వెతుకులాట నేర్చుకునేవారికి మంచి పాఠం, ఎందుకంటే ఇంటి వైరింగు మొత్తం అందులో బయటపడుతుంది.

ఎర్తు గుంత బాగా ఉంటే ఎంసీబీ చాలదా? మా వైపు నేల రాయి, అక్కడ ఎలా?

ఈ విషయాన్ని లెక్క వేసి చూపిస్తేనే నేర్చుకునేవారికి నాటుకుంటుంది. ఫ్రిజ్ శరీరానికి ఫేజు తగిలిందనుకుందాం. ఎర్తు దారి నిరోధం మొత్తం 10 ఓములైతే 23 ఆంపియర్లు నేలలోకి పోతాయి. 20 ఆంపియర్ల ఎంసీబీ దానికి వెంటనే పడదు. చాలాసేపటి వరకు పడకపోవచ్చు. సీ రకం ఎంసీబీ తక్షణమే పడాలంటే దాని రేటింగుకు 5 నుంచి 10 రెట్లు కావాలి, అంటే 100 నుంచి 200 ఆంపియర్లు. అంతవరకు ఫ్రిజ్ తలుపు పట్టుకున్నవారి పరిస్థితి ఏమిటో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నేల సంగతి. కొత్తపట్నం, అల్లూరు వైపు తీరపు తడి నేలలో ఎర్తు నిరోధం తేలికగా తగ్గుతుంది, కానీ ఉప్పు తేమ ఇనుప గొట్టాన్ని, బోల్టులను కొన్నేళ్లలోనే తినేస్తుంది. పైకి గుంత ఉంటుంది, లోపల తీగ తెగి ఉంటుంది. మార్కాపురం, కనిగిరి వైపు, చీమకుర్తి గ్రానైటు ప్రాంతంలో దీనికి విరుద్ధం. రాతి నేల, తక్కువ వాన. ఒక్క గొట్టం దింపితే నిరోధం వంద ఓములకు కూడా చేరవచ్చు. వంద ఓముల దగ్గర పోయే కరెంటు 2.3 ఆంపియర్లు మాత్రమే. ఎంసీబీకి అది ఒక చిన్న ఇస్త్రీ పెట్టె పాటి కూడా కాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీకి మాత్రం అది డెబ్బై రెట్లకు పైగా ఎక్కువ, క్షణంలో పడిపోతుంది. అందువల్ల రాతి నేల ఉన్న ఊళ్లలో ఆర్‌సీసీబీ విలాసమన్న అభిప్రాయం పూర్తిగా తలకిందులైనది. అక్కడే దాని అవసరం మిగతా చోట్లకంటే ఎక్కువ.

అలాగని ఎర్తును వదిలేయకూడదు. ఎర్తింగు పద్ధతులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3043. గొట్టం పద్ధతిలో కనీసం 2.5 మీటర్ల పొడవు గొట్టాన్ని నిలువుగా దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు నింపుతారు. ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండాలి. రాతి నేలలో ఒకటికి బదులు రెండు మూడు గుంతలు దూరదూరంగా తీసి కలపడం మేలు. తీసిన తర్వాత ఎర్తు నిరోధాన్ని ఎర్తు మెగ్గరు అనే సాధనంతో కొలిపించి, ఆ విలువను తేదీతో సహా బోర్డు తలుపు లోపల రాసి ఉంచడం మంచి అలవాటు.

పొలంలో మోటారు షెడ్డు దగ్గర బోరు గొట్టాన్నే న్యూట్రల్‌గా కట్టి లైటు వెలిగించుకుంటున్నాము. తప్పా?

చాలా ప్రమాదకరం. లైటు గుండా వచ్చిన ఫేజు ఆ గొట్టంలోకి పోతోంది. గొట్టానికి కట్టిన తీగ తుప్పు పట్టి ఊడిన రోజున ఆ తీగ కొనలో 230 వోల్టులు ఉంటాయి. గొట్టం నేల నిరోధం ఎక్కువైతే గొట్టమే షాకు కొడుతుంది. నీళ్లు తాగడానికి వచ్చిన గేదె మొదట పడిపోతుంది, దాన్ని లేపబోయిన రైతు తర్వాత. పని నేర్చుకునేవారు ఇటువంటి కనెక్షన్ ఎవరు అడిగినా ఇవ్వకూడదని తొలిరోజే చెప్పాలి. న్యూట్రల్ వైరు కావాలంటే విద్యుత్ సంస్థను అడగాలి. నెల్లూరు జిల్లాకు దక్షిణ ప్రాంత సంస్థ, ప్రకాశం జిల్లాకు మధ్య ప్రాంత సంస్థ సరఫరా చేస్తున్నాయి. రెండింటి ఫిర్యాదు నంబరూ 1912.

ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోతే ఏబీ స్విచ్ (పై లైనును విడదీసే స్విచ్చి) లాగి మేమే వేసుకుంటాము. నేర్పవచ్చా?

నేర్పకూడదు. ఏబీ స్విచ్ హ్యాండిల్ లాగినా మూడు కత్తుల్లో ఒకటి తెరుచుకోకుండా ఉండిపోవచ్చు. పైన ఉన్నది 11,000 వోల్టులు. దానికి చేతి తాకిడి కూడా అక్కరలేదు, దగ్గరకు వెళితే చాలు. లైన్‌మన్‌కు చెప్పి ఎదురుచూడాలి. ఒక తడి నీరు అందక పైరు ఎండిపోవడం నష్టమే, నాకు తెలుసు. కానీ ఆ పని ఊరివారిది కాదు.

రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవారు అదనంగా ఏమి తెలుసుకోవాలి?

అక్కడ అన్ని ప్రతికూలతలూ ఒకేచోట ఉన్నాయి. ఉప్పునీరు, తడి శరీరం, బురద గట్టు, రాత్రంతా తిరిగే ఏరియేటర్లు, గట్టు వెంట నేల మీదే పారిన కేబుళ్లు. ఏరియేటరు మోటారు లోపల ఇన్సులేషన్ దెబ్బతింటే దాని ఇనుప చట్రం మొత్తం ఫేజు అవుతుంది. ఏరియేటర్లు తిరుగుతుండగా నీటిలోకి దిగకూడదు. చెక్‌ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) చూడడానికి వెళ్లినా చట్రాన్ని పట్టుకుని నిలబడకూడదు. చుట్టుకున్న నాచు తీయడానికి ఆ ఒక్క ఏరియేటరు స్టార్టరు ఆపితే చాలదు. దాని ఐసోలేటరు (సరఫరాను పూర్తిగా విడదీసే స్విచ్చి) కూడా తీసి, తాళం వేసి దిగాలి. ప్రతి ఏరియేటరుకు విడిగా నాలుగు పోల్స్ (మూడు ఫేజులనూ న్యూట్రల్‌నూ కలిపి తెంచే) ఆర్‌సీసీబీ ఉంటే, ఒకటి పడినా మిగిలినవి తిరుగుతాయి. ఒకే ఆర్‌సీసీబీ మీద అన్నింటినీ వేస్తే, రాత్రి అది పడి ప్రాణవాయువు తగ్గి రొయ్యలు చచ్చిపోతాయన్న భయంతో యజమానులు దాన్ని దాటవేస్తారు. యజమాని భయం న్యాయమైనదే. దానికి పరిష్కారం విడివిడి ఆర్‌సీసీబీలు.

కేబుల్ జాయింట్లు నీటిలో, నేల మీద ఉండకూడదు. గుంజకు కట్టిన నీరు చొరని పెట్టెలో, చేతికి అందనంత ఎత్తున ఉండాలి. జనరేటరు కలిపే చోట ఛేంజ్‌ఓవర్ స్విచ్చి (లైను, జనరేటరులో ఒక్కదాన్నే కలపనిచ్చే స్విచ్చి) తప్పనిసరి. అది లేకుండా జనరేటరును నేరుగా బోర్డుకు కలిపితే, ఆ 400 వోల్టులు ట్రాన్స్‌ఫార్మరు గుండా వెనక్కు వెళ్లి 11,000 వోల్టులై, లైను చచ్చిందని నమ్మి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ను చంపుతాయి.

వైర్ల రంగులు చూసి గుర్తుపట్టవచ్చా?

గుర్తుపట్టడానికి మొదలు మాత్రమే. ఇంటి గోడల్లోని వైరింగులో ఫేజు ఎరుపు, న్యూట్రల్ నలుపు, ఎర్తు పచ్చ. త్రీ ఫేజ్‌లో ఫేజులు ఎరుపు, పసుపు, నీలం. మిక్సీ, ఇస్త్రీ పెట్టె వంటివాటి తాడు వైరులో ఫేజు గోధుమ రంగు, న్యూట్రల్ నీలం, ఎర్తు పచ్చ పసుపు చారలు. ఒకచోట నీలం న్యూట్రల్, మరొకచోట నీలం ఫేజు అని గమనించండి. దీనికి తోడు మిగిలిన ముక్కలతో లాగేసిన ఇళ్లు ఎన్నో. మూడు పిన్నుల సాకెట్టును ఎదురుగా చూస్తే పైన పెద్ద రంధ్రం ఎర్తు, కుడి ఫేజు, ఎడమ న్యూట్రల్. ఎర్తు పిన్ను పొడవుగా ఉండడం వల్ల ముందు ఎర్తు కలిసి, తర్వాతే ఫేజు కలుస్తుంది. ఆ పిన్నును విరిచి రెండు పిన్నుల సాకెట్టులో పెట్టే అలవాటును ఎక్కడ చూసినా మాన్పించాలి. వేసవిలో ఇనుప తొట్టె కూలర్లు ఇలాగే ప్రాణాలు తీస్తాయి. కూలరులో నీళ్లు పోసే ముందు ప్లగ్గు పూర్తిగా పీకాలి.

సీరీస్ బల్బు బోర్డు (పరికరానికి వరుసలో ఒక బల్బు కట్టిన బోర్డు) మీద పని చేయిస్తే కొత్తవారికి ప్రమాదం లేనట్టే కదా?

ఇది విస్తారంగా ఉన్న అపోహ. సీరీస్ బల్బు షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు ఫ్యూజు పోకుండా, పరికరం కాలకుండా కాపాడుతుంది. మనిషిని కాపాడదు. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు వేడెక్కినప్పుడు నిరోధం 529 ఓములు. చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతుకు కొంచెం అటూ ఇటూ. వెయ్యి ఓముల మనిషి దానితో వరుసలో పడితే బల్బు సరిగా వెలగదు, అయినా 150 మిల్లీ ఆంపియర్లకు పైగా మనిషి గుండా పోతాయి.

వేరియాక్ (వోల్టేజిని కావలసినట్టు పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు) విషయంలోనూ ఇలాగే పొరబడతారు. దాని ముల్లును 20 వోల్టుల దగ్గర పెట్టినా, దాని చుట్ట సరఫరాకు నేరుగా కలిసి ఉంటుంది. న్యూట్రల్, ఫేజు తారుమారైతే బయటి రెండు కొనలూ నేలతో పోల్చితే 200 వోల్టులకు పైన ఉండవచ్చు. విడి చుట్టలున్న ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు మేలైనది. ఒక కొన తాకితే షాకు తగలదు. అయితే రెండు కొనలూ తాకితే తగులుతుంది, పైగా దాని తర్వాత ఆర్‌సీసీబీ మనిషిని గమనించలేదు. దాని మీద ఒకేసారి ఒకే పరికరం, ఒకే మనిషి అన్న నియమం పెట్టాలి.

ప్లగ్గు పీకిన తర్వాత కూడా షాకు కొట్టింది. ఎలా?

కెపాసిటరు వల్ల. టీవీ, ఎల్‌ఈడీ లైటు, ఛార్జరు వంటివాటి లోపల 230 వోల్టులను డీసీగా మార్చి సుమారు 325 వోల్టుల వద్ద నిలవచేస్తారు. సింగిల్ ఫేజ్ మోటారు కెపాసిటర్లు కూడా కరెంటును పట్టి ఉంచుతాయి. స్క్రూడ్రైవరుతో రెండు కొనలు కలిపి పేల్చే అలవాటు వద్దు. మెరుపుకు కన్ను పోవచ్చు. రెండు వైర్లు బిగించిన ఫిలమెంట్ బల్బుతో ఖాళీ చేసి, మీటరుతో కొలిచి, ఆ తర్వాతే ముట్టుకోవాలి.

రబ్బరు చెప్పులు, తొడుగులు ఉంటే చాలదా?

హవాయి చెప్పులు అరిగి, తడిసి, మేకు గుచ్చుకొని ఉంటాయి. వాటిని రక్షణగా లెక్కించవద్దు. తొడుగులు 1,000 వోల్టులకు పరీక్షించినవే కొనాలి, వాడే ముందు గాలి ఊది చిల్లు చూడాలి. ఉంగరం, గొలుసు, లోహపు గడియారం తీసేయాలి. లోహపు నిచ్చెన వాడకూడదు.

పండుగ పందిళ్లకు లైట్లు వేసే పనికి కొత్తవారిని పంపవచ్చా?

పెద్ద మేస్త్రీ దగ్గరుంటేనే. వినాయక చవితి పందిళ్లు వానాకాలంలో వస్తాయి; స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు వేలాదిమంది తడి కాళ్లతో తిరుగుతారు. ఇనుప గుంజలకు సీరియల్ సెట్ల వైరు చుట్టడం, జాయింటుకు టేపు కూడా వేయకుండా మెలితిప్పి వదిలేయడం ఇక్కడ ఎక్కువ. తాత్కాలిక కనెక్షన్ తీసుకొని, దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించి, ఇనుప చట్రాన్నంతా ఎర్తు చేయాలి. స్తంభం మీది లైనుకు కొక్కెం తగిలించే పనిని ఎవరు ఎంత గౌరవంగా అడిగినా నిరాకరించాలి.

ఒకరికి షాకు కొట్టి వైరుకు అతుక్కుపోతే ఏమి చేయాలి?

దీన్ని మొదటి రోజే నేర్పాలి. పరుగెత్తి పట్టుకోకూడదు. మెయిన్ ఆపాలి, ప్లగ్గు పీకాలి. స్విచ్చి దగ్గరలో లేకపోతే పొడి కర్రతో, పొడి ప్లాస్టిక్ కుర్చీతో వైరును లేదా మనిషిని నెట్టాలి. ఈ పద్ధతి ఇంటి సరఫరాకే. తెగి పడిన స్తంభపు తీగ దగ్గర కర్ర కూడా కాపాడదు. అక్కడ దూరంగా నిలబడి అందరినీ ఆపి, 1912కు చెప్పి లైను ఆపించాలి.

విడిపించిన తర్వాత మనిషి స్పందించకపోయినా, ఊపిరి మామూలుగా లేకపోయినా, ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా మరొకరు వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ, అంబులెన్సు వచ్చేవరకు ఆపకూడదు. నీళ్లు తాగించడం, అరికాళ్లు రుద్దుతూ కూర్చోవడం వల్ల విలువైన నిమిషాలు పోతాయి. లేచి కూర్చొని బాగానే ఉన్నానన్నా, ఆసుపత్రికి తీసుకువెళ్లి ఈసీజీ తీయించాలి. కాలిన గాయం పైకి చిన్నదిగా కనిపించినా లోపల కండరం దెబ్బతిని ఉండవచ్చు.

ఇంట్లో మనమే చేసుకోగలిగిన పని ఎంతవరకు?

బల్బు, ఫ్యాను, స్విచ్చి, ఫ్యూజు వంటివాటిని అదే సామర్థ్యంతో మార్చడం వరకు. కొత్త పాయింటు వేయడం, వైరింగును పెంచడం లైసెన్సు ఉన్న విద్యుత్ కాంట్రాక్టరు ద్వారానే జరగాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. ఈ పనిని వృత్తిగా తీసుకోదలచినవారు ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు చదవడం మంచిది.

నేర్చుకుంటున్నవాడిని ఒంటరిగా ఎప్పుడు పంపవచ్చు?

నెలలు లెక్కపెట్టి చెప్పలేము. నేను చూసేది ఒక్కటే. ఎవరూ గమనించడం లేదని అతను అనుకున్నప్పుడు కూడా ఆపి, తాళం వేసి, మీటరును తెలిసిన సాకెట్టులో చూసి, కొలిచి, మళ్లీ చూసి పని మొదలుపెడుతున్నాడా? మేస్త్రీ "నేను తీశానులే, పట్టుకో" అన్నా, "ఒక్క నిమిషం అన్నా, కొలుస్తాను" అని చెప్పగలుగుతున్నాడా? ఆ మాటకు మేస్త్రీ కోపగించుకోకుండా ఆగడం కూడా శిక్షణలో భాగమే. ఈ రెండూ ఉన్న తర్వాత కరెంటు తీసి చేసే పనులకు పంపవచ్చు. కరెంటు ఉండగా కొలవవలసిన పని, త్రీ ఫేజ్ స్టార్టరు పని, చెరువు గట్టు పని ఎంత అనుభవం వచ్చినా ఒంటరిగా చేయించకూడదు. మెయిన్ ఎక్కడుందో తెలిసి, ఛాతీ నొక్కడం వచ్చిన రెండో మనిషి పక్కన ఉండాలి.